డేగ పుంజు వీర్యం ఫ్రిజ్‌లో ఎంతసేపు నిలుస్తుంది? నైట్రోజన్ క్యాన్‌లో దాచుకోవచ్చా?

దుగ్గిరాల రైతు:
అందరికీ నమస్కారం అండి. మాది గుంటూరు జిల్లా దుగ్గిరాల పక్కన పల్లెటూరు, పసుపు, మొక్కజొన్న వేస్తాం, ఇంటి వెనక నాటుకోళ్లు. అసీల్ జాతి. మా నాన్న పెంచుకొచ్చిన లైను ఇది, పుంజుల్ని ఎప్పుడూ బయట నుంచి తేలేదు, పెట్టల్ని మాత్రం మూడు నాలుగేళ్లకోసారి గన్నవరం దగ్గరున్న మా బావ వాళ్లతో మార్చుకునేవాళ్లం. ఇప్పుడు నా దగ్గర ఆ లైనులో మిగిలిన పెద్ద పుంజు ఒక్కటే, ఎర్ర ఈకల డేగ రకం, ఆరేళ్లు దాటింది. మొన్న ఉగాదికి ముందు కుడి కాలి కీలు వాచింది, డాక్టరు గారికి చూపించాం, వాపు తగ్గింది కానీ ఆ కాలి మీద బరువు ఆనించలేకపోతంది. పెట్ట మీదకి ఎక్కబోయి పక్కకి జారిపోతంది. మేత బాగానే తింటంది, తెల్లారుజామున కూత కూడా ఆపలేదు, ఒళ్లంతా బానే ఉంది, ఆ కాలొక్కటే.

పోయినసారి పొదగేసిన 13 గుడ్లలో ఒక్కటి కూడా పిల్ల కట్టలేదు. అప్పుడు అర్థమైంది నాకు, ఇక తొక్కడం దీని వల్ల కాదని.

చేత్తో వీర్యం తీసి పెట్టలకి ఎక్కిస్తారని విన్నా. నాకు కావాల్సింది రెండు విషయాలు. ఒకటి, పొద్దున ఇక్కడ తీసి, బస్సులో విజయవాడ వెళ్లి అక్కడ బస్సు మారి బావ వాళ్ల ఊరు తీసుకెళ్తే పనికొస్తదా, ఎట్టా లేదన్నా రెండు గంటలు పట్టిద్ది, దారిలో ఎండ. మామూలు ఇంటి ఫ్రిజ్‌లో పెడితే ఎన్ని గంటలు ఆగిద్ది. రెండోది, మా ఊళ్లో గేదెలకి వీర్యం ఎక్కించడానికి వచ్చే గోపాలమిత్ర దగ్గర ఆ వీర్యం స్ట్రాలు (సన్నటి గొట్టాలు) ఉండే నైట్రోజన్ క్యాన్ ఉంటది కదా, అందులో దీని వీర్యం కూడా పెట్టించి నాలుగైదేళ్లు దాచొచ్చా. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు నేను రాత్రుళ్లు నిద్ర పోలేదండి, అంతకు ముందు ఓసారి కొక్కెర తెగులు (రాణిఖేత్) వచ్చి వారంలో మా గూడు సగం ఖాళీ అయ్యింది, అప్పటి నుంచి ఈ భయం పోలేదు. ఇది పందేల కోసం కాదు, పిల్లల్ని పెంచుకునేవాళ్లకే ఇస్తాం. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

కృష్ణలంక కుర్రాడు:
అన్నా సింపుల్, చిన్న సీసాలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టెయ్, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి కరగబెట్టుకోవచ్చు. గేదెలకి చేసేది అదే కదా, మంచులో పెట్టడమే.

నూజివీడు హ్యాచరీ:
తమ్ముడూ కృష్ణలంక, ఆ పని చేయించకయ్యా, ఇంటి ఫ్రీజర్‌లో పెడితే గంటలో వీర్యకణాలు మొత్తం చచ్చిపోతాయి, లోపల నీరు గడ్డకట్టి సూదుల్లాగా అయ్యి కణాన్ని చీల్చేస్తది, కరిగాక చూస్తే పాలలాగే కనపడతది కానీ ఒక్కటి కూడా కదలదు. గేదెల స్ట్రా వేరే లెక్క, అందులో మందు కలిపి, పద్ధతిగా చల్లబరిచి, నైట్రోజన్‌లో ముంచుతారు.

దుగ్గిరాల అన్నగారికి. నేను బ్రీడర్ ఫారంలో 14 ఏళ్లుగా ఏఐ, అంటే చేత్తో వీర్యం ఎక్కించే పని చేస్తన్నా, రోజూ మధ్యాహ్నం నుంచి అదే పని, ఇనుప గూళ్లలో ఉండే పెట్టలకి. చదువు పెద్దగా లేదు, చేతికి తెలిసింది చెప్తాను. ముందు నిలవ సంగతి వదిలేసి తీయడం నేర్చుకోండి, తీయడంలోనే సగం మంది పాడు చేస్తారు. పుంజుకి తీసే ముందు నాలుగైదు గంటలు మేత ఆపండి, నీళ్లు మాత్రం పెట్టండి, మేత కడుపుతో ఉంటే చెయ్యి వెయ్యగానే రెట్ట వేసేస్తది. రెట్ట ద్వారం చుట్టూ ఉన్న ఈకల్ని కత్తెరతో పొట్టిగా కత్తిరించండి. ఇద్దరు ఉండాలి. ఒకళ్లు కాళ్లు, రెక్కలు పట్టుకుని పుంజుని నడుముకి ఆనించుకుని కూచోవాలి, మీ దానికి కాలు బాగాలేదన్నారు కాబట్టి ఆ కాలు లాగకుండా కింద అరచెయ్యి పెట్టండి. రెండో వాళ్లు ఎడమ చేత్తో వీపు మీద రెక్కల దగ్గర నుంచి తోక దాకా గట్టిగా, తొందరగా నాలుగైదు సార్లు నిమరాలి, అప్పుడు తోక పైకి లేపుతది, అదే సైగ. వెంటనే తోకని వెనక్కి తోసి బొటనవేలు, చూపుడువేలు రెట్ట ద్వారానికి రెండు పక్కలా పెట్టి మెల్లిగా నొక్కితే లోపల నుంచి చిన్న బుడిపె బయటికి వచ్చి దాని మీద తెల్లగా, చిక్కగా, మీగడ లాగా ఊరుద్ది. దాన్ని చిన్న గాజు గరాటుతోనో సూది తీసేసిన 1 ఎంఎల్ సిరంజీతోనో అందుకోండి. ఒక పుంజుకి మామూలుగా 0.2 నుంచి 0.5 ఎంఎల్ వస్తది, అంతే, ఎక్కువ ఆశపడి పిండకండి. ఎక్కువ పిండితే నీళ్ల లాంటి పల్చటి ద్రవం వస్తది, అది కలిస్తే నిలవ తగ్గిపోద్ది. సున్నం లాగా తెల్లటి ముక్కలు వస్తే అది మూత్రం, పసుపో గోధుమరంగో ఉంటే రెట్ట కలిసింది, ఎర్రగా ఉంటే రక్తం, ఏది వచ్చినా పారబోయండి, మనసు ఒప్పక వాడితే పెట్టకే జబ్బు.

మొదటి రోజు రాదు. బెదురుద్ది. రోజూ అదే టైముకి, అదే మనిషి, అదే చోట చేస్తే వారం పది రోజుల్లో అలవాటు పడుద్ది, తర్వాత మా దగ్గరైతే చెయ్యి చూడగానే తోక లేపేవి కూడా ఉన్నాయి. అలవాటయ్యాక వారానికి రెండు మూడు సార్లు తీయండి, రోజూ వద్దు.

ఇక ఎక్కించడం. పొద్దున చెయ్యకండి, పెట్ట కడుపులో పెంకు కట్టిన గుడ్డు అడ్డం ఉంటది. మధ్యాహ్నం 3 దాటాక చెయ్యండి, ఆ రోజు గుడ్డు పెట్టేసి ఉంటది. పెట్టని పట్టుకుని ఎడమ పక్క పొట్ట మీద నొక్కితే రెట్ట ద్వారంలో ఎడమ వైపు గులాబీ పువ్వులాగా గుడ్డు దారి బయటికి తెరుచుకుంటది, అందులోకి సిరంజీ ఒక అంగుళం పోనిచ్చి, ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి, వీర్యం వదిలే క్షణంలో పొట్ట మీద నొక్కుడు వదిలెయ్యాలి. నొక్కి పట్టుకునే వదిలితే మొత్తం తిరిగి బయటికి వచ్చేస్తది. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఇదే, మాకు నేర్పినాయన ఇది ఒక్కటే రోజుకి పది సార్లు చెప్పేవాడు. ఒక్కో పెట్టకి పచ్చి వీర్యం 0.05 ఎంఎల్ చాలు, ఒక బొట్టు. ఏమీ కలపని పచ్చి వీర్యం బయట అరగంట దాటితే బలం తగ్గిపోద్ది, మా ఫారంలో తీసిన అరగంటలో ఎక్కించేస్తాం, ఎన్ని వందల పెట్టలున్నా బ్యాచీలుగా తీసుకుంటాం తప్ప ఒకేసారి తీసి పెట్టుకోం.

ఇప్పుడు మీ బావగారి సంగతి. నన్నడిగితే బస్సులో సీసా తీసుకెళ్లడం ఎందుకండి, పెట్టల్నే బుట్టలో పెట్టుకుని మీ ఊరు రమ్మనండి. సాయంత్రం ఎక్కించి అదే రాత్రి తీసుకెళ్లిపోమనండి. పెట్ట కడుపులో ఆ వీర్యం వారం రోజులు గట్టిగా పని చేస్తది, తర్వాత రెండో వారంలో కూడా కొన్ని గుడ్లు పిల్ల కడతాయి. ఏ ఫ్రిజ్ దాచలేనంత బాగా పెట్టే దాచుకుంటది.

దుగ్గిరాల రైతు:
అన్నగారూ చాలా చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. పెట్టల్ని తీసుకురమ్మనడం నాకసలు తట్టలేదు. కాకపోతే బావ దగ్గర ఐదు పెట్టలున్నాయి, అందులో మూడు బాగా బెదురు రకం, చోటు మారిస్తే గుడ్లు ఆపేస్తాయని భయపడతన్నాడు, రెండిట్ని అయితే తెస్తానన్నాడు. మిగిలిన మూడిటికి సీసా తప్పదు. అది ఎట్టా తీసుకెళ్లాలో కూడా ఎవరైనా చెప్పండి. నైట్రోజన్ సంగతి కూడా.

తాడికొండ నాటుకోళ్లు:
మా ఇంట్లో పోయినేడాది ఇదే పని చేశాం అన్నయ్యా, మా ఆయన పట్టుకుంటే నేను తీసేదాన్ని. మొదటి రెండు సార్లు మొత్తం పోయింది, ఎందుకు పోయిందో తెలిసేసరికి నెల పట్టింది, అది నీకు జరగకూడదని రాస్తున్నా. నేను శుభ్రంగా ఉండాలని సిరంజీలు, చిన్న గాజు గ్లాసు మరిగే నీళ్లలో వేసి, తీసి, దులిపి వెంటనే వాడేదాన్ని. గ్లాసు అడుగున రెండు మూడు నీటి చుక్కలు ఉండేవి, అవేం చేస్తాయిలే అనుకున్నా. ఏడో రోజు రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, మా అబ్బాయి ఫోను టార్చి మీద అట్టముక్కకి బొక్క పెట్టి గుడ్డు ఆనించి చూశాం, పది గుడ్లూ లాంతరు బుడ్డి లాగా ఖాళీగా వెలిగిపోయాయి. ఒక్క నరం లేదు. రెండోసారీ అంతే. అప్పుడు మా ఊరి వెటర్నరీ అసిస్టెంట్ అమ్మాయి వచ్చి గ్లాసు చేతిలోకి తీసుకుని చూసి, అక్కా ఇందులో నీళ్లున్నాయి, ఒట్టి నీరు తగిలితే అవి ఉబ్బి పగిలిపోతాయి అని చెప్పింది. తర్వాత నుంచి అన్నీ ముందు రోజే కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టి పెట్టుకున్నా, సబ్బు కూడా ఒక చుక్క మిగలకుండా కడుగుతా. మూడోసారి 12 గుడ్లకి 8 గుడ్లలో నరాలు కనిపించాయి. ఆ రాత్రి నేనూ మా ఆయనా ఎంతసేపు ఆ టార్చి పట్టుకుని కూచున్నామో. ఏడో రోజు గుడ్డులో ఎర్రటి సాలెగూడు లాగా ఉండి మధ్యలో నల్లటి చుక్క కదులుతుంటది, చూశావా ఎప్పుడైనా.

ఇంకోటి, ఎక్కించిన మర్నాడు పెట్టిన గుడ్డు లెక్కలోకి రాదు, అది అప్పటికే లోపల తయారైపోయి ఉంటది. మూడో రోజు నుంచి పెట్టిన గుడ్లే ఏరుకో.

గన్నవరం పశువైద్యుడు:
ఆలస్యంగా చూశాను, క్షమించండి. నూజివీడు ఆయన చెప్పింది అక్షరం తీసేయాల్సిన పని లేదు, తాడికొండ అమ్మ చెప్పింది కూడా. నేను నిలవ సంగతి చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కోడి వీర్యం చాలా చిక్కటిది. ఒక ఎంఎల్‌లో 300 నుంచి 500 కోట్ల కణాలు ఉంటాయి. అంత కిక్కిరిసి ఉన్నప్పుడు వాటికి ఉన్న తిండి, ఆక్సిజన్ నిమిషాల్లో అయిపోతాయి, అవి వదిలిన ఆమ్లంలో అవే మునుగుతాయి. అందుకే పచ్చి వీర్యం అరగంట మాట. నిలవ ఉండాలంటే రెండు పనులు చెయ్యాలి, పలచన చెయ్యాలి, చల్లబరచాలి. పలచన చెయ్యడానికి వాడే ద్రవాన్ని ఎక్స్‌టెండర్ అంటాం. అమెరికాలో బెల్ట్స్‌విల్ అనే చోట వ్యవసాయ శాఖ పరిశోధన కేంద్రంలో 1977లో తయారైన ఫార్ములా ఇప్పటికీ చాలా చోట్ల వాడుకలో ఉంది, సోడియం గ్లూటమేట్, ఫ్రక్టోజ్, పొటాషియం ఫాస్ఫేట్, పొటాషియం సిట్రేట్, సోడియం అసిటేట్, మెగ్నీషియం క్లోరైడ్ లాంటివి తూకం ప్రకారం కలిపి పీహెచ్ 7.5 దగ్గర పెడతారు. ఇది వంటింట్లో కలిపే పని కాదు, మిల్లీగ్రాముల తూకం కావాలి. ఏదైనా వెటర్నరీ ల్యాబ్‌లో తెలిసినవాళ్లుంటే కలిపించుకోండి. సెలైన్ సీసా ఉంది కదా అని దానితో చెయ్యకండి, మామూలు సెలైన్ కలిపి అక్కడికక్కడే ఎక్కించేస్తే సరిపోతుంది, ప్రయాణానికి మాత్రం చాలదు, అందులో తిండీ లేదు, ఆమ్లాన్ని ఆపే గుణమూ లేదు.

వీర్యం ఒక వంతుకి ఎక్స్‌టెండర్ రెండు వంతులు కలపండి. రెండూ ఒకే వేడిలో ఉండాలి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ద్రవాన్ని పొయ్యకండి. తర్వాత గాజు ట్యూబుని గది వేడిలో ఉన్న నీళ్ల గ్లాసులో నిలబెట్టి, ఆ గ్లాసుతో సహా చల్లటి చోట పెట్టండి, మెల్లిగా 5 డిగ్రీల దగ్గరికి రావాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు, సున్నాకి మాత్రం రాకూడదు. ట్యూబు నిండా పొయ్యకండి, సగం ఖాళీ ఉంచండి, మూత బిగించకుండా దూది పెట్టండి, పక్కకి వాల్చి పెడితే ఇంకా మంచిది, గాలి తగిలే వైశాల్యం పెరుగుతుంది. అరగంటకోసారి మెల్లిగా ఊపండి. వాటికి ఊపిరి కావాలి, ఇది చాలామందికి తెలియదు, గట్టిగా బిరడా పెట్టి ఎంత చల్లగా దాచినా పోతాయి.

ప్రయాణానికి వెడల్పు మూతి ఉన్న థర్మాస్ లేదా టీకాలు తెచ్చే థర్మోకోల్ పెట్టె తీసుకోండి. ఐస్ జెల్ ప్యాకెట్‌ని మందపాటి తువ్వాలులో చుట్టండి, ట్యూబుకి ఐస్ నేరుగా తగలకూడదు. లోపల ఒక థర్మామీటర్ వెయ్యండి, 100 రూపాయల చేపల తొట్టి థర్మామీటర్ చాలు. ఇంటి ఫ్రిజ్ అయితే తలుపులో పెట్టకండి, తీసినప్పుడల్లా అక్కడ వేడెక్కుతుంది, మధ్య అరలో వెనక గోడకి తగలకుండా పెట్టండి. ఈ పద్ధతిలో 6 గంటల లోపు ఎక్కిస్తే ఫలితం బాగుంటుంది. 24 గంటల దాకా కూడా లాగవచ్చు, కానీ పిల్ల కట్టే గుడ్లు స్పష్టంగా తగ్గుతాయి. మీది రెండు గంటల ప్రయాణం కాబట్టి ధైర్యంగా చెయ్యండి. పలచన చేశారు కాబట్టి పెట్టకి 0.05 కాదు, 0.1 ఎంఎల్ ఇవ్వాలి, పెట్టకి 10 కోట్ల కణాలైనా చేరాలి అనేది లెక్క. ఒక విషయం మాత్రం మార్చుకోండి. పొద్దున తీసి మధ్యాహ్నం దాకా దాచడం ఎందుకు, మధ్యాహ్నం ఒంటిగంటకి తీసి నాలుగింటికల్లా ఎక్కించండి.

ఒక్కో పెట్టకి వేరే సిరంజీ వాడండి. మైకోప్లాస్మా, తెల్లపారుడు తెచ్చే సాల్మొనెల్లా లాంటివి ఒక పెట్ట నుంచి ఇంకో పెట్టకి సిరంజీ మీదే వెళ్తాయి. రెండు ఊళ్ల మందలు కలుపుతున్నారు కదా, జాగ్రత్త.

గోపాలమిత్ర, ఫిరంగిపురం వైపు:
క్యాన్ గురించి నేను చెప్తానండి. మా దగ్గరుండేది మైనస్ 196 డిగ్రీల నైట్రోజన్, స్ట్రాలు అందులో ఎన్నేళ్లున్నా పాడవవు, నైట్రోజన్ తగ్గకుండా పోయించుకుంటే చాలు. కానీ పచ్చి వీర్యం తెచ్చి అందులో ముంచమంటే కుదరదు, మాకు వచ్చే స్ట్రాలన్నీ ఫ్రోజెన్ సెమెన్ స్టేషన్లో మందు కలిపి, మెషీన్లో గడ్డకట్టించి వస్తాయి. మేం 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ముంచి వాడతాం. కోడికి కూడా అంతేనా డాక్టర్ గారూ?

గన్నవరం పశువైద్యుడు:
కాదండి, అసలు తేడా అక్కడే ఉంది, మంచి ప్రశ్న వేశారు.

గడ్డకట్టించి దాచే పద్ధతి మొదట దొరికింది కోడి వీర్యంలోనే, ఈ సంగతి నాకు చదువుకునే రోజుల్లో చాలా ఇష్టంగా ఉండేది. 1940ల చివర్లో లండన్ మిల్ హిల్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు చక్కెర ద్రావణంతో ప్రయత్నాలు చేసేవాళ్లు, ఏదీ సరిగ్గా కుదిరేది కాదు. ఒకసారి చల్లటి గదిలో దాచిన సీసాలు తీసి వాడితే ఒక్కసారిగా కణాలు బతికాయి. ఆరా తీస్తే సీసాల మీద చీటీలు తారుమారయ్యాయి, అందులో ఉన్నది చక్కెర కాదు, గ్లిజరిన్. ఇవాళ మీ క్యాన్‌లో ఉన్న ప్రతి గేదె స్ట్రా ఆ కోడి వీర్యం సీసాకి రుణపడి ఉంది. 1951లో పోల్జ్ గడ్డకట్టించిన వీర్యంతో కోడిపిల్లల్ని కూడా చూపించాడు.

కానీ చిక్కేంటంటే, గేదెలో గ్లిజరిన్ ఉన్న స్ట్రాని అలాగే ఎక్కించేస్తాం, ఏమీ కాదు. పెట్టలో గ్లిజరిన్ గర్భనిరోధక మందులా పని చేస్తుంది. ద్రవంలో కాస్త మిగిలినా గుడ్లు పిల్ల కట్టవు. కణాలు బతికే ఉంటాయి, కదులుతుంటాయి, అయినా పెట్ట కడుపులో నిలవవు. అందుకని 5 డిగ్రీల దగ్గర చల్లటి నీళ్లలో మెల్లిగా కరిగించి, అదే చలిలో కొంచెం కొంచెంగా పలచన చేస్తూ, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి గ్లిజరిన్‌ని తీసెయ్యాలి, అప్పుడు ఎక్కించాలి. మీరు చేసినట్టు 37 డిగ్రీల్లో కరిగించి వాడితే మొత్తం వృథా. గ్లిజరిన్ బదులు డైమిథైల్ అసిటమైడ్ అనే మందు వాడి, బొట్టు బొట్టుగా నేరుగా నైట్రోజన్‌లో వదిలి గోళీలుగా గడ్డకట్టించే పద్ధతి కూడా ఉంది, అందులో కడిగే పని తప్పుతుంది, కానీ కరిగించేటప్పుడు 60 డిగ్రీల పళ్లెం మీద క్షణాల్లో కరగాలి. ఏ పద్ధతైనా పుంజుకీ పుంజుకీ ఫలితం ఎంతో తేడా వస్తుంది, ఒక పుంజుది బాగా నిలుస్తుంది, దాని అన్నదమ్ముడిదే సున్నా అవుతుంది.

ఎందుకింత సున్నితం అంటే, కోడి వీర్యకణం సన్నటి దారం లాంటిది, తల కూడా దారంలాగే, తోక పొడుగు, దాని పొర త్వరగా పాడయ్యే రకం కొవ్వులతో నిండి ఉంటుంది. పైగా దాని పని గేదెలో లాగా ఒక్క రోజుతో అయిపోదు. పెట్ట గుడ్డు దారిలో పెంకు తయారయ్యే సంచి కింది చివర సూక్ష్మమైన గొట్టాలుంటాయి, ఎక్కించిన వాటిలో నూటికి ఒకటో రెండో మాత్రమే ఈది ఆ గొట్టాల్లోకి చేరతాయి, అక్కడ రోజుల తరబడి ఆగి రోజుకో గుడ్డుకి కొన్ని చొప్పున బయల్దేరతాయి. ఫ్రిజ్ కంటే కోడిపెట్టే బాగా దాచుకుంటుందని నూజివీడు ఆయన అన్నది శాస్త్రం ప్రకారం నిజం. కరిగించిన కణం కదిలితే సరిపోదు, ఆ మెట్లన్నీ ఎక్కి అన్ని రోజులు కాపురం చెయ్యాలి. గడ్డకట్టించిన వీర్యం డోసు ఎక్కువ ఇచ్చి, వారానికి రెండుసార్లు ఎక్కించేది అందుకే.

మన దగ్గర హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్‌లో పుంజు వీర్యం గడ్డకట్టించడం మీద పని జరిగింది, వనరాజా, గ్రామప్రియ కోళ్లు వచ్చింది అక్కడి నుంచే, అసీల్ మీద కూడా వాళ్లు పని చేస్తారు. దేశీ జాతుల జీన్ బ్యాంకు కర్నాల్‌లో ఉంది. ముందు ఇక్కడే మా గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలో కనుక్కోండి. వెళ్లేటప్పుడు మీ లైను ఎన్ని తరాలుగా ఉంది, ఎన్ని పక్షులున్నాయి, రంగు, బరువు, ఫొటోలు, అన్నీ రాసుకుని వెళ్లండి.

దుగ్గిరాల రైతు:
డాక్టర్ గారూ మీకు చేతులెత్తి దండం పెట్టాలి. ఒక్క అనుమానం అండి. ఎట్టాగో కష్టపడి దీని వీర్యం ఎక్కడన్నా దాయించామనుకోండి, రేపు రోగం వచ్చి మా పెట్టలన్నీ పోయినా ఆ వీర్యంతో మా లైను మళ్లీ తెచ్చుకోవచ్చు కదా?

గన్నవరం పశువైద్యుడు:
పూర్తిగా రాదు. మనుషుల్లో, గేదెల్లో మగవాటికి రెండు రకాల క్రోమోజోములుంటాయి, ఎక్స్, వై అని. కోళ్లలో తిరగేసి ఉంటుంది, పుంజుకి రెండూ జెడ్, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. అంటే పెట్టలకే ఉండే ఆ డబ్ల్యూ పుంజు వీర్యంలో ఎప్పటికీ ఉండదు. తల్లి వైపు నుంచి మాత్రమే పిల్లలకి వచ్చే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) కూడా దీని ద్వారా రాదు. పెట్టలన్నీ పోతే వేరే జాతి పెట్టకి మీ పుంజు వీర్యం ఎక్కించాలి, పుట్టిన పిల్లల్లో మీ లైను సగం. ఆ ఆడపిల్లలకి మళ్లీ దాచిన వీర్యమే ఎక్కిస్తే 75 శాతం, తర్వాత 87.5, ఆ తర్వాత 93.75. పైగా ఒక్క పుంజు వీర్యమే మళ్లీ మళ్లీ వాడితే దగ్గర సంబంధం పెరిగి పొదుగుడు, బతుకు రెండూ తగ్గుతాయి, ఇలా చెయ్యాలంటే చాలా పుంజులవి దాచాలి. ఎన్ని తరాలు తిప్పినా డబ్ల్యూ మాత్రం వేరే జాతిదే. అందుకే మీకు నా సలహా, సీసా మీద ఆశ పెట్టుకుని పెట్టల్ని వదిలెయ్యకండి. ఈ పుంజు కొడుకుల్ని కనీసం మూణ్ణాలుగిట్ని, పెట్టల్ని రెండు మూడు ఊళ్లలో వేరువేరు ఇళ్లలో పెట్టండి, ఒక ఊళ్లో రోగం వచ్చినా ఇంకో ఊళ్లో లైను బతికుంటుంది. టీకాలు మాత్రం ఎక్కడా తప్పించకండి, కొక్కెర తెగులుకి వేసే లసోటా, ఆర్2బీ రెండూ.

నూజివీడు హ్యాచరీ:
డాక్టర్ గారు చెప్పింది నిజం. మా పెద్దాయన ఎప్పుడూ కోడిని ఒకే గూట్లో పెట్టేవాడు కాదు, అల్లుడింట్లో రెండు, చెల్లెలింట్లో రెండు. అన్నగారూ ఎండలు ముదిరాక వీర్యం తగ్గుద్ది, పల్చబడుద్ది, మన బెజవాడ వైపు మే నెలలో చెయ్యకండి, చేసినా పుంజుకి పొద్దున, సాయంత్రం నీడ, గాలి, చల్లటి నీళ్లు చూసుకోండి.

దుగ్గిరాల రైతు:
అందరికీ నమస్కారం. ఐదు వారాల తర్వాత వస్తన్నా, ఏమైందో చెప్పకపోతే తప్పు.

పుంజు తొమ్మిదో రోజుకి అలవాటు పడింది. మా ఆవిడ పట్టుకునేది, కాలి కింద తలగడ పెట్టి. మొదటిసారి మంచి వీర్యం వచ్చినప్పుడు గరాటు అడుగున గోరంత మీగడ, నా చెయ్యి వణికింది, పడిపోతదేమోనని. తెలిసినాయన ల్యాబ్‌లో ఎక్స్‌టెండర్ కలిపి ఇచ్చారు. బావ రెండు పెట్టల్ని బుట్టలో తెచ్చి ఎక్కించుకుని రాత్రికే తీసుకెళ్లాడు, మిగతా మూడిటికి నేను థర్మోకోల్ పెట్టెలో తీసుకెళ్లా, విజయవాడ బస్టాండులో బస్సు కోసం నిలబడ్డప్పుడు మూత తీసి చూస్తే థర్మామీటరు 6 చూపించింది, అక్కడే మెల్లిగా ఊపా, పక్కనున్నాయన టీకాలా అనడిగితే ఆయనకీ చెప్పా కథంతా.

బుట్టలో వచ్చిన రెండు పెట్టలవి 9 గుడ్లు పొదగేస్తే 7 పిల్ల కట్టాయి. పెట్టెలో తీసుకెళ్లిన వాటివి 11 గుడ్లకి 5. మా ఇంట్లో అప్పటికప్పుడు ఎక్కించిన వాటివి 14కి 10. టార్చి వెలుతుర్లో ఆ ఎర్రటి నరాలు చూసి మా ఆవిడ ఏడ్చింది. తాడికొండ చెల్లెమ్మా, ఇప్పుడు చూశానమ్మా, ఆ నల్ల చుక్క కదలడం.

మొన్న శుక్రవారం తెల్లారి మా ఇంట్లో మొదటివి లేచాయి, పెట్ట రెక్క కింద నుంచి ఒకటి తల బయట పెట్టి చూస్తంది, వీపు మీద నాన్న పెంచిన పిల్లలకుండే ముదురు చారలే ఉన్నాయి. అన్నీ ఎదిగాక రెండు పుంజుల్ని, మూడు పెట్టల్ని మా చిన్నాన్న కొడుకు ఇంటికి, పొన్నూరు పంపిస్తన్నా. వచ్చే వారం ఫొటోలు తీసుకుని గన్నవరం కాలేజీకి వెళ్తా డాక్టర్ గారూ. పుంజు బానే ఉంది, ఇప్పుడే మేత తిని అరుగు మీద కూచుంది.